పాతకాలపు రోడ్డు సైకిళ్లలో ముందు డిరైలర్, చైన్‌రింగుల పొంతన

పెడళ్ల దగ్గర రెండు మూడు చైన్‌రింగులున్న సైకిల్లో, చైనును ఒక రింగు మీదినుంచి మరో రింగు మీదికి మార్చే భాగాన్ని ముందు డిరైలర్ అంటారు. ఇది సీటు నుంచి కిందికి దిగే సీట్ ట్యూబ్ మీద, పెద్ద రింగుకు కొంచెం పైన ఉంటుంది. చైను పై వరుస దీని రెండు లోహపు పలకల మధ్య నుంచి సాగుతుంది. ఆ పలకల జతే కేజ్. లివరు కదిపితే కేజ్ పక్కకు జరిగి చైనును నెడుతుంది. చైను పాత రింగు పళ్లను వదిలి కొత్త రింగు పళ్లను అందుకుంటుంది. మన ఊళ్లలో తరతరాలుగా నడిచిన నల్ల సైకిలుకు ముందొక రింగు, వెనకొక ఫ్రీవీలు మాత్రమే కాబట్టి ఈ భాగంతో దానికి పని పడలేదు. రోడ్డు పందేల కోసం, దూర ప్రయాణాల కోసం చేసిన సైకిళ్లలో ఇది మామూలుగా ఉండే భాగం.

సుమారు 1950 నుంచి 1990 వరకు ఐరోపాలో, జపాన్‌లో తయారైన ఉక్కు ఫ్రేములు ఈ వ్యాసానికి విషయం. అరిగిన రింగు తీసి మరొకటి వేసేటప్పుడు, క్రాంకు మార్చేటప్పుడు, విరిగిన డిరైలర్‌కు బదులు వెతికేటప్పుడు ఏది దేనికి సరిపోతుందన్న ప్రశ్న వస్తుంది. జవాబు ఒక్క కొలతలో దొరకదు. బిగింపు, ఎత్తు, బోల్టు వృత్తం, పళ్ల తేడా, చైన్‌లైన్, చైను వెడల్పు, లివరు అన్నీ కలిసి కుదిరితేనే గేరు సాఫీగా మారుతుంది. వీటిలో ఫ్రేముకు పుట్టుకతో వచ్చినవి కొన్నే: సీట్ ట్యూబ్ వ్యాసం, క్రాంకు ఇరుసును పట్టే బాటమ్ బ్రాకెట్ మర, వెనక చక్రం వైపు పోయే అడుగు గొట్టమైన చైన్‌స్టే దగ్గరి ఖాళీ, డిరైలర్ కోసం అతికిన బ్రేజ్-ఆన్ చెవి ఉంటే దాని ఎత్తు. మిగిలినవి విప్పి మార్చుకోగలిగినవి. అందుకే పొంతన చూడటం ఎప్పుడూ ఫ్రేముతో మొదలవ్వాలి.

చరిత్ర

ఒకటికి మించి గేర్లు ఉండాలని ఫ్రాన్స్‌లో గట్టిగా వాదించినవారిలో సేంతెత్యెన్ నగరానికి చెందిన పాల్ ద వీవీ ముఖ్యుడు. వెలోసియో అన్న కలం పేరుతో ఆయన రాసిన రాతలు దూర ప్రయాణికులను డిరైలర్ల వైపు తిప్పాయి. పందేల నిర్వాహకులు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. టూర్ ద ఫ్రాన్స్‌లో పోటీదారులందరికీ డిరైలర్ వాడే అనుమతి 1937లో వచ్చింది.

ముందు డిరైలర్ పందేల్లో స్థిరపడింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. తొలినాటి రకాలకు కేబుల్ ఉండేది కాదు. సీట్ ట్యూబ్ పక్కన నిలబడిన చిన్న కడ్డీని, నడుస్తున్న సైకిలు మీదినుంచి వంగి, కదులుతున్న కాళ్ల మధ్య చేయి పెట్టి తిప్పాల్సి వచ్చేది. తర్వాత డౌన్ ట్యూబ్ మీద లివరు, అక్కడినుంచి కేబుల్ వచ్చాయి. దిజోన్ నగరంలో లూసియెన్ జ్యూయీ నడిపిన సింప్లెక్స్ సంస్థ కేజ్‌ను తిన్నగా లోపలికీ బయటికీ తోసే కడ్డీ రకాన్ని చాలాకాలం తయారు చేసింది. ఇటలీలోని విచెంజాలో తుల్లియో కంపాగ్నోలో సంస్థ సమాంతర చతుర్భుజాకారపు లింకులతో చేసిన రికార్డ్ రకం ఆ తర్వాతి తరానికి నమూనా అయింది. జపాన్ నుంచి సన్‌టూర్, షిమానో చేరాక 1970లలో తక్కువ ధరకు బాగా పనిచేసే డిరైలర్లు ప్రపంచమంతా వ్యాపించాయి. ఇన్ని దేశాలు, ఇన్ని కొలతలు ఒకేకాలంలో నడిచాయి కాబట్టే పొంతన అన్న సమస్య పుట్టింది.

బిగింపు

చాలా పాత ముందు డిరైలర్లు సీట్ ట్యూబ్ చుట్టూ చుట్టుకునే క్లాంపుతో వస్తాయి. బ్రిటిష్, ఇటాలియన్, జపనీస్ ఉక్కు ఫ్రేముల్లో సీట్ ట్యూబ్ బయటి వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. మెట్రిక్ గొట్టాలు వాడిన ఫ్రెంచి ఫ్రేముల్లో అది 28.0. తేడా 0.6 మిల్లీమీటరే, కానీ పని చెడటానికి అది చాలు. 28.6 క్లాంపు ఫ్రెంచి గొట్టం మీద రెండు పెదవులూ కలిసిపోయేదాకా బిగించినా జారుతుంది. గొట్టం చుట్టూ 0.3 మిల్లీమీటర్ల మందమున్న పలుచని అల్యూమినియం రేకు చుడితే సమస్య తీరుతుంది. దీనికి వ్యతిరేకంగా, 28.0 క్లాంపును 28.6 గొట్టం మీద బలవంతంగా బిగించకూడదు. పాత సింప్లెక్స్ డెల్రిన్ ప్లాస్టిక్ క్లాంపులు వయసు మీద పగుళ్లు పడతాయి కాబట్టి వాటిని సరైన గొట్టం మీద కూడా సున్నితంగానే బిగించాలి. తర్వాతి కాలపు లావు గొట్టాల ఫ్రేములకు 31.8, 34.9 క్లాంపులు ఉన్నాయి. వాటిని లోపల రేకులు పెట్టి పాత గొట్టానికి తగ్గించే అడాప్టర్లు దొరుకుతాయి.

రెండో పద్ధతిలో ఫ్రేముకే ఒక చిన్న చెవిని ఇత్తడితోనో వెండితోనో అతికి, దానికి డిరైలర్‌ను బోల్టుతో బిగిస్తారు. 1980ల నాటి ఖరీదైన ఫ్రేముల్లో ఈ బ్రేజ్-ఆన్ చెవి తరచుగా కనిపిస్తుంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, గొట్టం మీద ఒత్తిడి ఉండదు. కానీ ఎత్తు మార్చుకునే స్వేచ్ఛ చాలావరకు పోతుంది. చెవిని 52, 53 పళ్ల రింగు కోసం అతికి ఉంటే చిన్న రింగులకు డిరైలర్ అందనంత పైన ఉండిపోతుంది.

ఎత్తు

కేజ్ బయటి పలక అడుగంచుకు, పెద్ద రింగు పళ్ల కొనలకు మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకంటే పైన ఉంటే కేజ్ చైనును ఎత్తలేక పక్కకు మాత్రమే ఒరిపిస్తుంది. గేరు ఆలస్యంగా మారుతుంది, చైను బయటికి పడే ప్రమాదమూ ఉంటుంది. అంతకంటే కింద ఉంటే పళ్లకు రాసుకుంటుంది. పైనుంచి చూసినప్పుడు కేజ్ పలకలు రింగుకు సమాంతరంగా ఉండటం కూడా అంతే అవసరం.

ఎత్తు లెక్కకు ఒక సులువైన సూత్రం ఉంది. సైకిలు చైను పిచ్ 12.7 మిల్లీమీటర్లు. అందువల్ల రింగుకు ఒక పన్ను పెరిగితే దాని వ్యాసార్థం సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 52 పళ్ల రింగు తీసి 46 వేస్తే కేజ్ సుమారు 12 మిల్లీమీటర్లు కిందికి రావాలి. బ్రేజ్-ఆన్ చెవిలో బోల్టు కదలగల దూరాన్ని కొలిచి రెండుతో భాగిస్తే, ఆ ఫ్రేములో ఎన్ని పళ్ల మేర మార్పు సాధ్యమో కొనడానికి ముందే తెలిసిపోతుంది. అంతకు మించిన మార్పు కావాలంటే డిరైలర్‌ను కిందికి దించే అడాప్టర్ పలకలు ఉన్నాయి.

క్లాంపు రకానికి ఎత్తు బెడద తక్కువే అయినా అడ్డంకులు లేకపోలేదు. చాలా చిన్న రింగు వేస్తే క్లాంపు బాటమ్ బ్రాకెట్ లగ్గు మొన మీదికి దిగుతుంది. పెద్ద రింగు వేస్తే సీట్ ట్యూబ్ మీది నీళ్ల సీసా బోల్టులు అడ్డొస్తాయి. కేజ్ మరీ దిగితే దాని తోక చైన్‌స్టేను తాకుతుంది.

కేజ్ వంపు కూడా ఒక కొలతే. 52 పళ్ల రింగు కోసం వంచిన పలకను 46 పళ్ల రింగు మీద పెడితే మధ్యలో దగ్గరగా, రెండు కొసల్లో దూరంగా నిలుస్తుంది. చైను పట్టు వదులవుతుంది కానీ పని నడుస్తుంది. చిన్న రింగు కోసం వంచిన పలకను పెద్ద రింగు మీద పెడితే కొసలు ముందే పళ్లను తాకుతాయి, సరైన ఎత్తు దొరకనే దొరకదు.

బోల్టు వృత్తం

రింగును క్రాంకు చేతులకు పట్టించే బోల్టుల మధ్యబిందువుల గుండా గీసిన ఊహా వృత్తం వ్యాసమే బోల్టు వృత్తం. ఆ వృత్తం ఎంత పెద్దదైతే అందులో ఇమిడే అతి చిన్న రింగు కూడా అంత పెద్దదవుతుంది. పాత రోడ్డు క్రాంకుల్లో ముఖ్యమైనవి ఇవి:

151 మిల్లీమీటర్లు: 1958 నాటి కంపాగ్నోలో రికార్డ్. అతి చిన్న రింగు 44.
144: 1960ల చివరినుంచి కంపాగ్నోలో, దాన్ని అనుసరించిన ఇటాలియన్, జపనీస్ క్రాంకులు. అతి చిన్నది 41, మామూలుగా వాడింది 42.
135: 1980ల మధ్య నుంచి కంపాగ్నోలో. అతి చిన్నది 39.
130: షిమానో రోడ్డు క్రాంకులు. అతి చిన్నది 38.
122: ఫ్రెంచి స్ట్రాంగ్‌లైట్ 93. అతి చిన్నది 38 దరిదాపు.
110: యాత్రా సైకిళ్ల క్రాంకులు, తర్వాతి కాంపాక్ట్ క్రాంకులు. మామూలుగా 34 దాకా.
86: స్ట్రాంగ్‌లైట్ 99. అతి చిన్నది 28.
50.4: టీఏ సైక్లోటూరిస్ట్, స్ట్రాంగ్‌లైట్ 49డీ. టీఏ రింగులతో 26 దాకా.

ఈ జాబితా చదివితే ఆనాటి రెండు అవసరాలు స్పష్టమవుతాయి. పందెగాళ్లకు 52, 42 రింగులు, వెనక దగ్గరదగ్గర పళ్ల ఫ్రీవీలు కావాలి. కొండలెక్కే యాత్రికులకు చిన్న రింగు కావాలి. యాత్రికుల కోసం ఫ్రెంచి తయారీదారులు చేసిన 50.4 క్రాంకు ఈనాటికీ ఎంతో ఉదారమైన ఏర్పాటు. ఒకే క్రాంకు మీద దాదాపు ఏ జత రింగులైనా కూర్చుంటాయి.

పళ్ల తేడా, కేజ్ లోతు

పెద్ద రింగుకు, చిన్న రింగుకు మధ్య పళ్ల తేడా డిరైలర్ సామర్థ్యాన్ని పరీక్షిస్తుంది. చైను చిన్న రింగు మీద, వెనక చిన్న పళ్ల చక్రం మీద ఉన్నప్పుడు అది అన్నిటికంటే కిందుగా సాగుతుంది. కేజ్ తోక దగ్గర రెండు పలకలనూ కలిపే అడ్డపట్టీకి చైను తగిలితే అదే ఆ డిరైలర్ హద్దు. 52, 42 జతలో తేడా 10 పళ్లు. 53, 39లో 14. 50, 34లో 16. మొదటిదాని కోసం చేసిన పాత సమతల కేజ్ చివరిదానితో పనిచేయాలని ఆశించడం న్యాయం కాదు.

పెద్ద తేడా కోసం లోపలి పలకను కిందికి పొడిగించిన కేజ్‌లు వచ్చాయి. మూడు రింగుల క్రాంకులకు ఇవి అవసరం. అయితే ఈ లోతే కొన్నిచోట్ల అడ్డవుతుంది. పూర్వపు యాత్రికులు ఇష్టపడిన అరమెట్టు పద్ధతిలో రెండు పెద్ద రింగులకు తేడా అయిదు పళ్లే, ఉదాహరణకు 50, 45. వెనక 14, 17, 20, 24, 28 పళ్లుంటే ఒక్కో మెట్టు సుమారు 20 శాతం. ముందు రింగు మార్పు 11 శాతం. అంటే ముందు మార్పు వెనక మెట్టును ఇంచుమించు సగానికి కోస్తుంది. ఇలాంటి జత మీద లోతైన కేజ్ పెడితే లోపలి పలక 45 రింగు పళ్లను గుద్దుకుంటుంది. ఇక్కడ పాత సమతల కేజే సరైన సాధనం. పాతది కాబట్టి తక్కువరకం అనుకోవడం ఈ రంగంలో పెద్ద పొరపాటు.

పళ్ల తేడా పెరిగితే వెనక డిరైలర్ మీద కూడా భారం పెరుగుతుంది. 52, 42 రింగులకు 14–28 ఫ్రీవీలు ఉంటే చుట్టుకోవాల్సిన చైను లెక్క 10, 14 కలిపి 24 పళ్లు. 50, 34కు 13–28 ఉంటే 16, 15 కలిపి 31. పొట్టి చేతి వెనక డిరైలర్ అంత వదులును లాగిపట్టలేదు.

చిన్న రింగులు వేస్తే వేగం పోతుందన్న భయం చాలామందిలో ఉంటుంది. లెక్క వేరే చెబుతుంది. పాత 52 రింగు, 14 పళ్ల చక్రం నిష్పత్తి 3.71. 50 రింగు, 13 పళ్ల చక్రం నిష్పత్తి 3.85. 48 రింగుతో 13 పళ్లు వాడినా 3.69. వెనక ఒక పన్ను తగ్గితే ముందు నాలుగు పళ్లు తగ్గించినా పై గేరు దాదాపు అలాగే ఉంటుంది.

చైన్‌లైన్, బాటమ్ బ్రాకెట్

ఫ్రేము నడిమి గీత నుంచి రెండు రింగుల మధ్యబిందువు దాకా ఉన్న దూరం చైన్‌లైన్. రెండు రింగుల రోడ్డు సైకిలుకు ఇది 43.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండటం ఆనవాయితీ. ముందు డిరైలర్ పక్కకు కదలగల దూరం పరిమితం. క్రాంకు మరీ బయటికి వస్తే పెద్ద రింగును కేజ్ అందుకోలేదు. మరీ లోపలికి పోతే చిన్న రింగు చైన్‌స్టేను రాస్తుంది, కేజ్ సీట్ ట్యూబ్‌కు తగిలి ఆగిపోతుంది.

క్రాంకు స్థానాన్ని నిర్ణయించేది బాటమ్ బ్రాకెట్ ఇరుసు పొడవు, దాని చతురస్రపు కొసల ఆకారం. కంపాగ్నోలో వాడిన ఐఎస్ఓ కొస, జపనీస్ జేఐఎస్ కొస వాలు ఒకటే అయినా చివర మందం వేరు. ఐఎస్ఓ క్రాంకును జేఐఎస్ ఇరుసు మీద ఎక్కిస్తే అది సుమారు 4.5 మిల్లీమీటర్లు బయటే ఆగుతుంది. డిరైలర్ పెద్ద రింగును అందుకోకపోవడానికి ఈ కలయిక తరచు కారణమవుతుంది. డిరైలర్‌ను తప్పుపట్టే ముందు ఇరుసు చూడాలి.

ఇరుసు మార్చాలంటే మర తెలియాలి. బ్రిటిష్ మర 1.370 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. కుడివైపు బేరింగు కప్పు ఎడమ మర. జపాన్ దీన్నే తీసుకుంది. ఇటాలియన్ మర 36 మిల్లీమీటర్లు, 24 చుట్లు, రెండువైపులా కుడి మర, బ్రాకెట్ షెల్ వెడల్పు 70. ఫ్రెంచి మర 35 మిల్లీమీటర్లు, పిచ్ 1, రెండువైపులా కుడి మర. స్విస్ మర కొలతలో ఫ్రెంచిదే, కుడి కప్పు మాత్రం ఎడమ మర. ఇటాలియన్ తప్ప మిగిలినవాటి షెల్ మామూలుగా 68. బ్రిటన్‌లోని రాలీ సంస్థ నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీలో కొన్ని మోడళ్లకు అంగుళానికి 26 చుట్ల సొంత మర వాడింది. చేత్తో రెండు చుట్లు తిరగని కప్పును స్పానరుతో తిప్పడం ఫ్రేముకు ద్రోహం.

చైను వెడల్పు

అయిదు చక్రాల ఫ్రీవీలు రోజుల్లో చైను బయటి వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు. ఆరు నుంచి ఎనిమిది గేర్ల చైను 7 పైచిలుకు, తొమ్మిది గేర్లది 6.6 దగ్గర, పది గేర్లది 6 దగ్గర. పాత కేజ్ వెడల్పు, పాత రింగుల మధ్య ఎడం లావు చైనుకు తగ్గవి. సన్నని చైను వేస్తే లివరు ఎక్కువ దూరం కదిపితేగానీ గేరు మారదు. ఒక్కోసారి చైను రెండు రింగుల మధ్య సందులో కూర్చుని, పళ్లు పట్టకుండా జారుతుంది. వెనక ఫోర్కు ఎడం 120 లేదా 126 మిల్లీమీటర్లు ఉన్న, అయిదు నుంచి ఏడు చక్రాల ఫ్రీవీలు నడిపే సైకిలుకు ఏడెనిమిది గేర్ల చైను నప్పుతుంది.

పాత రింగుల పళ్లన్నీ ఒకే ఎత్తులో నిటారుగా ఉంటాయి. చైనును పైకి లాగే పక్క పిన్నులు, వాలు గాట్లు తర్వాతి కాలపు రింగుల్లో వచ్చాయి. పాత ఫ్రేము మీద మిగతా అన్నిటినీ అలాగే ఉంచి, అదే బోల్టు వృత్తానికి సరిపోయే కొత్త రకం రింగు ఒక్కటి వేసినా గేరు మార్పులో తేడా తెలుస్తుంది. 1980ల షిమానో బయోపేస్ వంటి గుండ్రం కాని రింగులకు కేజ్ ఎత్తును అతి ఎత్తైన పన్ను దగ్గర చూసుకోవాలి.

లివరు, కేబుల్

పాత సైకిళ్లను కాపాడుతున్న గొప్ప సదుపాయం ఫ్రిక్షన్ లివరు. దానికి క్లిక్కులు లేవు. ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. అందువల్ల ఏ దేశపు డిరైలర్‌నైనా, ఏ కాలపు రింగునైనా చేతి స్పర్శతో కుదుర్చుకోవచ్చు. షిమానో 1984లో క్లిక్కుల పద్ధతి తెచ్చినప్పుడు కూడా అది వెనక డిరైలర్‌కే. ముందు లివరు ఫ్రిక్షన్‌గానే కొనసాగింది. 1990లో షిమానో ఎస్‌టీఐ, 1992లో కంపాగ్నోలో ఎర్గోపవర్ వచ్చి బ్రేకును, గేరును ఒకే పిడిలో కలిపాయి. ఎస్‌టీఐ ఎడమ పిడి లెక్కకు తగ్గ డిరైలర్‌ను అడుగుతుంది. పాత ఎర్గోపవర్ ఎడమ పిడిలో చిన్న చిన్న క్లిక్కులు చాలా ఉండటం వల్ల అది పాత డిరైలర్లతో సులువుగా సర్దుకుంటుంది.

కేబుల్ దారి కూడా చూడాలి. కొన్ని ఫ్రేముల్లో కేబుల్ బాటమ్ బ్రాకెట్ పైనుంచి, కొన్నిటిలో కిందినుంచి పోతుంది. కొన్ని పాత డిరైలర్లకు కేబుల్ కవరు డిరైలర్ దాకా వచ్చి ఆగాలి. ఎక్కువ డిరైలర్ల స్ప్రింగు కేజ్‌ను చిన్న రింగు వైపు లాగుతుంది. సన్‌టూర్ స్పర్ట్‌లో మాత్రం పెద్ద రింగు వైపు. ఫ్రిక్షన్ లివరుతో ఇది పూర్తిగా వాడదగిందే, లివరు దిశ తిరగబడుతుంది, అంతే.

ఒక ఉదాహరణ: పెజో పీఎక్స్-10

రేనాల్డ్స్ 531 గొట్టాలతో చేసిన ఈ ఫ్రెంచి పందెపు సైకిలు 1970ల ఆరంభంలో సింప్లెక్స్ డిరైలర్లు, స్ట్రాంగ్‌లైట్ 93 క్రాంకు, 52, 45 రింగులతో వచ్చేది. గట్టి కొండలకు 45 బరువు. ఇక్కడ క్రాంకు తీసేయాల్సిన పని లేదు. 122 వృత్తంలో 38 దరిదాపు రింగు కూర్చుంటుంది కాబట్టి లోపలి రింగు మాత్రం 40కో 39కో మారిస్తే చాలు. పెద్ద రింగు అదే కాబట్టి డిరైలర్ ఎత్తు మారదు. ఫ్రెంచి మరను, ఇరుసును ముట్టుకోనక్కరలేదు. పాత ప్లాస్టిక్ సింప్లెక్స్ పగిలి ఉంటే 28.6 క్లాంపున్న డిరైలర్‌ను రేకు చుట్టి పెట్టవచ్చు. ఇంత చిన్న మార్పుతో, పుట్టినప్పటి స్వరూపం చెడకుండా, సైకిలు మళ్లీ కొండెక్కుతుంది.

ఇదే సమయపు ఇటాలియన్ ఫ్రేము మీద 144 క్రాంకుంటే కథ వేరు. 41 కంటే కిందికి దారి లేదు. అక్కడ క్రాంకును అలాగే ఉంచి వెనక ఫ్రీవీలులో పెద్ద చక్రం వెతకడం తక్కువ ఖర్చుతో పోయే మార్గం. అది చాలకపోతే 110 క్రాంకు, దానికి తగిన ఇరుసు, లోతైన కేజ్, పొడుగు చేతి వెనక డిరైలర్ అన్నీ వరుసగా మారాల్సి వస్తుంది.

సరిచూసే క్రమం

మొదట సీట్ ట్యూబ్ వ్యాసం కాలిపర్‌తో కొలవాలి. రంగు మందం కూడా కొలతలో చేరుతుందని గుర్తుంచుకోవాలి. తర్వాత బాటమ్ బ్రాకెట్ మర, షెల్ వెడల్పు. ఆపై కావలసిన గేర్ల నిష్పత్తి లెక్క వేసి, ఆ రింగులు ఏ బోల్టు వృత్తంలో ఇముడుతాయో చూడాలి. క్రాంకు ఖాయమయ్యాక చైన్‌లైన్ 43.5 దగ్గరికి వచ్చే ఇరుసు ఎంచుకోవాలి. అప్పుడు పళ్ల తేడాను బట్టి కేజ్ లోతు, పెద్ద రింగును బట్టి ఎత్తు. చివరగా చైను, లివరు. ఈ వరుసను తిరగేసి, అందంగా కనిపించిన డిరైలర్ ముందు కొని తర్వాత మిగతావాటిని దానికి లొంగదీయడం ఖర్చును రెట్టింపు చేస్తుంది.

అడ్డొచ్చిన బ్రేజ్-ఆన్ చెవిని కోసేయడం, చైన్‌స్టేను నొక్కి గుంట చేయడం, వేరే మర కొట్టించడం తిరిగి సరిచేయడానికి వీల్లేని పనులు. రేకు, అడాప్టర్, ఇరుసు, రింగు మార్పు తర్వాతివారు విప్పి పూర్వస్థితికి తేగలిగినవి. ఆ గొట్టాలను చేత్తో అతికిన పనివారిలో చాలామంది ఇప్పుడు లేరు, ఆ ఫ్రేములు మళ్లీ తయారు కావు. పొంతన కుదరనప్పుడు లొంగాల్సింది విడిభాగమే తప్ప ఫ్రేము కాదన్న నియమాన్ని పాటించినచోట, యాభై ఏళ్లు దాటిన రోడ్డు సైకిళ్లు నేటికీ రోజువారీ వాడకంలో ఉండగలుగుతున్నాయి.